రొయ్య పేగులో తెగులు - బజారులో కౌంటు

రొయ్యల చెరువులలో తెగులు సోకినదన్న కబురు వర్తకులకు చేరేసరికి సరుకే వచ్చి పడుతూ ఉంటుంది. 100 కౌంటు, అంతకంటె చిన్న సరుకు ఒక్కసారిగా ముంచెత్తి ధర దిగుతుంది. కొన్ని వారాలు గడిచాక 30, 40 కౌంటు కోసం వెదుకులాట మొదలవుతుంది. ఈ ఎగుడుదిగుడులకు మూలం చాలాసార్లు రొయ్య పేగులోనే ఉంటుంది.

వెన్ను వెంట తోకదాకా సాగే నల్లని గీతయే ఆ పేగు. వండేవారు నరమని తీసి పారవేస్తారు. ఆరోగ్యంగా ఉన్న రొయ్య పేగులో అనేక జాతుల సూక్ష్మజీవులు ఒకదానినొకటి అదుపులో ఉంచుకుంటూ, మేత అరగడానికి తోడ్పడుతుంటాయి. విబ్రియోలు కూడా వాటిలో ఉంటాయి. కొద్దిపాళ్లలో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు.

విబ్రియో పారాహీమోలిటికస్ జాతిలో కొన్ని రకాలు మాత్రం విషాన్ని తయారుచేస్తాయి. ఇవి మొదట రొయ్య జీర్ణాశయంలో స్థిరపడతాయి. వీటి విషం రైతులు లివర్ అని పిలిచే జీర్ణగ్రంథిని పాడుచేస్తుంది. రొయ్య మేత మానుతుంది, పేగు ఖాళీ అవుతుంది, మేలుచేసే జీవులు క్షీణించి విబ్రియోల వాటా పెరుగుతుంది. పిల్ల వదలిన నెలలోపే చెరువు తుడిచిపెట్టుకుపోవచ్చు.

ఈ తెగులు 2009లో చైనాలో కనిపించి, వియత్నాం, మలేసియాల తరువాత 2012లో థాయిలాండ్‌లో బయటపడింది. కారణం తేలింది 2013లో. 2011లో 6 లక్షల టన్నుల దరిదాపున ఉన్న థాయి ఉత్పత్తి అప్పటికి ఇంచుమించు సగానికి పడిపోయింది. ఆ ఏడు మన వనామీకి పలికిన ధరలు కోస్తా వర్తకులకు గుర్తుండే ఉంటాయి. 2013-14లో భారత సముద్రోత్పత్తుల ఎగుమతి 500 కోట్ల డాలర్లు దాటింది.

మన చెరువులలో తరచుగా కనిపించేది నిదానంగా నష్టపరిచే రకం. తెల్లని దారాలవంటి మలం నీటిపై తేలుతుంది. రైతులు వైట్ గట్ అంటారు. విబ్రియోలతోబాటు ఇహెచ్‌పి అనే పరాన్నజీవి కూడా ఇందులో తరచు కనిపిస్తుంది. రొయ్య వెంటనే చావదు, కాని ఎదగదు. మేత ఖర్చు పెరుగుతున్నా కౌంటు కదలకపోతే రైతు ఎంతకాలం ఆగగలడు? పట్టుబడికి దిగుతాడు. చిన్న సరుకు ముంచెత్తేది అప్పుడే.

అసలు చిక్కు యాంటీబయాటిక్‌లతో వస్తుంది. అవి విబ్రియోలతోపాటు మేలుచేసే జీవులనూ చంపుతాయి. ఖాళీ అయిన పేగులో త్వరగా పెరిగే విబ్రియోలే ముందుగా తిరిగి చేరుకుంటాయి. క్లోరిన్‌తో శుద్ధిచేసిన చెరువు నీటిలోనూ ఇదే జరుగుతుంది. రోగం కుదరకపోగా మందు అవశేషం మాంసంలో మిగులుతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లు నిషిద్ధాలు. ఆనవాలు దొరికితే కంటెయినరు వెనక్కు రావలసిందే. ఐరోపావారు 2016లో మన సాగు రొయ్య కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు.

కనుక చెరువు గట్టున బేరం కుదుర్చుకునేవారు కౌంటుతోబాటు పేగునూ చూడటం మంచిది. గీత నిండుగా, తెగకుండా ఉంటే మేత తింటున్నట్లు. తెల్లబడినా, ముక్కలుగా కనిపించినా మందు వాడారేమో విచారించి, పట్టుబడికి ముందు చేయించిన పరీక్ష కాగితం చూసిన తరువాతనే అడ్వాన్సు ఇవ్వవలసి ఉంటుంది.