ఒత్తిడిలో నీటికి ఎన్ని మంచులో!

నీటిని నొక్కి కుదించడం సాధ్యం కాదని ఒకప్పుడు గట్టి నమ్మకం. సాధ్యమేనని 1762లో ఇంగ్లండుకు చెందిన జాన్ కాంటన్ ప్రయోగం చేసి చూపాడు. కానీ నీరు తేలిగ్గా లొంగదు. మామూలు వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు పెట్టినా ఘనపరిమాణం తగ్గేది నూటికి నాలుగు వంతులే. పసిఫిక్‌లో మరియానా అగాధం అడుగున ఉండేది ఇంచుమించు ఆ ఒత్తిడే.

అసలు వింతలు గడ్డకట్టే చోట ఉన్నాయి. మామూలు మంచుకు నీటికన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే ఒత్తిడి పెరిగేకొద్దీ గడ్డకట్టడం కష్టమవుతుంది. 2,000 రెట్ల పీడనం దగ్గర నీరు మైనస్ 22 డిగ్రీల వరకు నీరుగానే ఉండగలదు. అది దాటితే వ్యవహారం తిరగబడి, నీటిలో మునిగే మంచులు పుడతాయి. 1900లో గుస్తావ్ టామన్ అలాంటివి రెండు కనిపెట్టాడు. హార్వర్డ్‌లో పెర్సీ బ్రిడ్జ్‌మన్ 1912లో ఇంకో రెండు, 1937లో ఏడో మంచు చేర్చాడు (ఈ మంచు రకాలకు సంఖ్యలే పేర్లు). పీడనం 25 వేల రెట్లకు చేరితే ఈ ఏడో మంచు 100 డిగ్రీల వేడిలోనూ కరగదు!

ఈ ప్రయోగాలు చేసే మందపాటి ఉక్కు పాత్రలో ఏం జరుగుతోందో కంటికి కనబడదు. నీటిని నొక్కే పిస్టన్ ఉన్నట్టుండి లోపలికి జారితే ఘనపరిమాణం పడిపోయిందని, కొత్త మంచు ఏర్పడిందని గుర్తుపట్టేవారు. అణువులు ఎటు తిరిగి ఉన్నాయో మాత్రం పిస్టన్ చెప్పలేదు. దానికి రోధక స్థిరాంకం కొలవాలి. విద్యుత్ క్షేత్రానికి అనుగుణంగా అణువులు తిరగగలిగితే ఈ సంఖ్య పెద్దది, కదలకుండా బిగుసుకుపోతే చిన్నది. గదిలోని నీటికి ఇది సుమారు 78. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఎడ్వర్డ్ వాలీ బృందం 1965లో ప్రకటించిన కొలతల్లో ఆరో మంచుకు ఏకంగా 193 వచ్చింది. రెండో మంచుకు నాలుగైనా రాలేదు. రెండూ ఒకే నీటి అణువులు!

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ మరుసటి ఏడాది సంగతి. ఏడో మంచును చల్లబరుస్తుంటే సున్నా డిగ్రీల ప్రాంతంలో ఈ సంఖ్య అమాంతం పడిపోయింది. అణువులన్నీ ఒక క్రమంలో కుదురుకున్నాయన్నమాట. ఘనపరిమాణంలో మార్పు దాదాపు లేదు. పిస్టన్‌కు దొరకని ఎనిమిదో మంచు అలా విద్యుత్తుకు దొరికింది.

ఏడో మంచు ప్రయోగశాలకే పరిమితం కాదు. భూగర్భపు లోతుల్లో పుట్టిన వజ్రాల లోపల, ఆ ఒత్తిడి ఇంకా సడలకుండా చిక్కుకుని ఉన్న ఏడో మంచును 2018లో శాస్త్రవేత్తలు ఎక్స్-కిరణాలతో గుర్తించారు. ఇప్పుడది ఖనిజాల జాబితాలోనూ చేరింది.