‘ఐ యామ్ స్కేరీ’ అని మీ పిల్లలు అంటే...



ఆ మధ్య మా రెండో తరగతిలో ఒక బాబు లేచి నిలబడి “మేడం, ఐ యామ్ స్కేరీ” అన్నాడు. పిల్లలందరూ పకపకా నవ్వారు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. వాడు తల దించుకుని కూర్చున్నాడు. ఇంటర్వెల్‌లో దగ్గరికి పిలిచి తెలుగులో అడిగితే అప్పుడు తెలిసింది. వాష్‌రూమ్ దగ్గర లైటు వెలగడం లేదు, చీకట్లో ఒక్కడే వెళ్లడానికి వాడికి భయం. రెండు రోజులుగా ఇంటికి వెళ్లేదాకా ఆపుకుంటున్నాడు! లైటు ఆ రోజే వేయించాం. కానీ ఆ నవ్వు సంగతి నన్ను వదల్లేదు.

వాడు చెప్పాలనుకున్నది “ఐ యామ్ స్కేర్డ్”, అంటే నాకు భయంగా ఉంది అని. చెప్పింది “ఐ యామ్ స్కేరీ”, అంటే నన్ను చూస్తే భయమేస్తుంది అని.

ఈ తప్పు ఎందుకు వస్తుంది?

తెలుగులో “నాకు భయంగా ఉంది” అంటాం, “ఆ గది భయంగా ఉంది” అని కూడా అంటాం. రెండింటికీ ఒకటే మాట సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. భయపెట్టేది స్కేరీ, భయపడేవాళ్లు స్కేర్డ్.

• సినిమా, కల, చీకటి గది: “ద మూవీ వాజ్ స్కేరీ.”
• చూసిన మనం: “ఐ వాజ్ స్కేర్డ్.”
• దేనికి భయమో చెప్పాలంటే ‘ఆఫ్’ వాడాలి: “ఐ యామ్ స్కేర్డ్ ఆఫ్ డాగ్స్.”
• ఇంకా ఎక్కువ భయపెట్టేది స్కేరియర్, అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది స్కేరియెస్ట్. “మోర్ స్కేరియర్” తప్పు.

బోరింగ్, బోర్డ్ కూడా ఇంతే. “ఐ యామ్ బోరింగ్” అంటే ఎదుటివాళ్లకి నా వల్ల విసుగు అని అర్థం!

దగ్గరి మాటలు

స్కేరీ మామూలు మాటల్లో బాగుంటుంది. పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు ఫ్రైటెనింగ్ నయం. డెంగీ కేసులు పెరుగుతున్నాయనే వార్తలాంటి దానికి అలార్మింగ్ వాడతాం. అలారం అనే మాటకి మూలం “ఆయుధాలు పట్టండి” అనే ఇటాలియన్ కేక. అందుకే అలార్మింగ్‌లో భయంతో పాటు హెచ్చరిక కూడా ఉంటుంది. కథలో దెయ్యం స్కేరీయే కానీ అలార్మింగ్ కాదు.

ఇక టెర్రిఫిక్. ఒకప్పుడు దీని అర్థం భయంకరం, ఇప్పుడు అద్భుతం. డైరీలో “టెర్రిఫిక్ వర్క్” అని కనిపిస్తే కంగారు పడకండి, అది మెచ్చుకోలే.

ఇంట్లో ఏం చేయవచ్చు?

పిల్లలు “ఐ యామ్ స్కేరీ” అంటే వెంటనే “తప్పు” అనకండి, నవ్వకండి. “ఓ, యూ ఆర్ స్కేర్డ్? వాట్ ఈజ్ స్కేరీ?” అని అడగండి. రెండు మాటలూ సరైన చోట వాళ్ల చెవిన పడతాయి, జవాబూ వస్తుంది. ఇంగ్లిష్‌లో అడగడం ఇబ్బందైతే “ఏమైంది నాన్నా, దేనికి భయం?” అని తెలుగులోనే అడగండి. “ఇంత దానికే భయమా?” అని మాత్రం అనకండి. అలా అంటే మరుసటిసారి ఏ భాషలోనూ చెప్పరు.

ముందు భయం సంగతి చూద్దాం. గ్రామర్ రేపు కూడా నేర్పవచ్చు.

– మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్