అలవాటు వ్యసనము కాకమునుపే

చాట్స్‌వర్త్‌లోని మావారికి చక్కెర యనగా రెండు వస్తువులు. మొదటిది మన పూర్వికులను దక్షిణాఫ్రికాకు రప్పించినది. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి ట్రూరో అను ఓడ దర్బను రేవు చేరినది. అటుపిమ్మట వచ్చిన ఓడలలో ఎందరో తెలుగువారు చెరకు తోటల కూలిపనికై వచ్చిరి. రెండవది, 2000 తరువాతి సంవత్సరములలో మా వీధులలో వ్యాపించిన ‘షుగర్స్’ అను మత్తుపొడి. నాసిరకపు హెరాయినులో మరికొన్ని పదార్థములు కలిపి చిన్న పొట్లములుగా అమ్మెడివారు. బడిపిల్లలు సైతము దానికి లోబడిరి.

ఆ దినములలో మా దేవాలయపు వసారాలో ఒక పిల్లవాడు కడుపు పట్టుకొని పడుకొనెడివాడు. వయస్సు పదునాలుగో, పదునైదో. హుండీ కొరకు వచ్చిన దొంగయని మా సమితివారము తలచితిమి. తలుపునకు కొత్త తాళము వేయించి వానిని వెళ్లగొట్టితిమి. షుగర్స్ వాడువారికి మత్తు దొరకనప్పుడు కడుపులో మెలిపెట్టు నొప్పి వచ్చునని మాకు తరువాత తెలిసినది. అప్పటికి ఆ పిల్లవాడు బ్రతికి లేడు. ఈ వ్యాసము వ్రాయుటకు వాడే కారణము.

ఇప్పుడు మేము ఏటా కొన్ని నెలలు ఖతార్ దేశములో, దోహా నగరమందలి అల్ హిలాల్ పేటలో, మా కుమారుని ఇంట ఉందుము. ఇక్కడ మద్యమును 21 ఏండ్లు నిండి అనుమతి పత్రము గలవారే ఇంటికి కొని తెచ్చుకొనగలరు. మత్తుమందులపై 1987 నాటి 9వ సంఖ్య చట్టము మిక్కిలి కఠినమైనది. శిక్షపడిన పరదేశికి చెరయే కాక దేశబహిష్కరణయు కలుగవచ్చును. కావున ఇచ్చటి పిల్లలకు ఆ ప్రమాదము లేదని మేము నిశ్చింతగా ఉంటిమి. గత సంవత్సరము పదునారేండ్ల మా మనుమడు, స్నేహితుని తండ్రి ఇంటికి తెచ్చుకొన్న సీసాలోనిది తాగి వచ్చెను. అది రెండవసారి యని తరువాత తెలిసినది.

ఇంటిలో ఎంత గొడవ జరిగినదో చెప్పనక్కరలేదు. “రేపే టికెట్ తీసి దర్బన్ పంపేద్దాం మామయ్యా” అని కోడలు ఏడ్చెను. మద్యము నుండి కాపాడుటకై చాట్స్‌వర్త్ పంపుట! ఈ దేశములో సంగతి బయటపడిన ఉద్యోగము పోవునేమో యను భయము ఆమెది. ఆ భయము అబద్ధము కాదు. కాని దానివలననే అనేక కుటుంబములు ఎవరికిని చెప్పక దాచుకొనును. దాచిన కాలమంతయు పిల్లవానికి నష్టమే.

అలవాటు అనగా మరల మరల చేయుట. వ్యసనము అనగా మానదలచినను మానలేకపోవుట. పెద్దలు చెప్పెడి సప్తవ్యసనములలో పానము ఒకటి. అలవాటుకును వ్యసనమునకును నడుమ కొంత కాలము ఉండును. ఆ కాలములోనే తల్లిదండ్రులు, వైద్యులు కలుగజేసికొనుటను తొలిదశ సహాయము అందురు. తొందరపాటును ఆపి మంచిచెడ్డలు తూచునది మెదడు ముందుభాగము. అది సుమారు 25వ ఏటివరకు ఎదుగుచునే యుండును. అందుచే చిన్నవయస్సులో మత్తు త్వరగా పట్టుకొనును. 1997లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశీలన ప్రకారము, 15 ఏండ్లలోపే తాగుట మొదలిడిన వారిలో నూటికి సుమారు 40 మంది ఏదో ఒక కాలమున మద్యమునకు బానిసలైరి. 20 దాటిన పిదప మొదలిడిన వారిలో అట్టివారు సుమారు పదిమందియే.

పిల్లవాడు ఏ దశలో నున్నాడో తెలిసికొనుటకు బోస్టన్ బాలల వైద్యశాలవారు ఆరు ప్రశ్నలు కూర్చిరి. మత్తులో నున్నవారు నడుపు కారు ఎక్కితివా, లేక నీవే మత్తులో నడిపితివా? మనసు తేలికపడుటకో, నలుగురిలో కలియుటకో వాడుచున్నావా? ఒంటరిగా నున్నప్పుడు వాడితివా? అప్పుడు చేసినది మరచితివా? తగ్గించుకొమ్మని ఇంటివారు గాని స్నేహితులు గాని చెప్పిరా? దానివలన చిక్కులలో పడితివా? రెండింటికి అవునన్నచో వైద్యుడు ఇంకను లోతుగా విచారించును. ఇది తీర్పు కాదు. ఇంటిలో పోలీసువలె అడిగిన, పిల్లవాడు ఆరింటికిని కాదనియే చెప్పును.

అడుగు తీరును గూర్చి విలియం మిల్లర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1983లో ఒక పద్ధతి ప్రకటించెను. మానుటకు కారణములు మనము చెప్పక, ఆ మనిషి నోటనే పలికించుట దాని సారము. మేము హైస్కూలు చదువువారము. ఈ సంగతి బడిలోని సలహాదారిణి వలన తెలిసికొంటిమి. ఆ రాత్రి బాల్కనీలో మనుమని ప్రక్కన కూర్చొని, “తాగినప్పుడు నీకేం బాగనిపించిందిరా?” అని అడిగితిమి. వాడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో, “క్లాసులో నాతో ఎవరూ మాట్లాడరు తాతా. అక్కడ మాట్లాడారు” అనెను. “మరి బాగులేనిది?” “పొద్దున వాంతి. అమ్మ ముఖం.” అరగంట కేకలు వేసినను మా కుమారునికి ఈ రెండు మాటలు దొరకలేదు.

దోహాలో సహాయము పొందుటకు మార్గములున్నవి. మొదట బడిలోని నర్సునో, సలహాదారునో కలియుట సులభము. సిద్రా మెడిసిన్ వైద్యశాలలో బాలలకు, కౌమారులకు మానసిక ఆరోగ్య విభాగము కలదు. హమద్ వైద్య సంస్థవారి 16000 సంఖ్యకు ఫోను చేసి మానసిక ఆరోగ్య సలహా కోరవచ్చును. వ్యసనము ముదిరినవారి చికిత్సకు నౌఫర్ అను కేంద్రము కలదు.

మా మనుమడు సలహాదారిణి వద్దకు నాలుగుసార్లు వెళ్లెను. బడి ఫుట్‌బాల్ జట్టులో చేరెను. ఆటలో గొప్పవాడు కాడు, కాని గురువారము సాయంకాలము వానికొక చోటు దొరికినది. ఈద్ సెలవుల తరువాత ఒక రాత్రి భోజనమువద్ద, “మళ్లీ ఒకసారి తాగాను నాన్నా” అని తానే చెప్పెను. మా కుమారుడు లేవబోయి మరల కూర్చుండెను. “ఎక్కడరా?” అని మాత్రము అడిగెను. మరుసటి వారము తండ్రీకొడుకులిద్దరును కలిసి సలహాదారిణి వద్దకు వెళ్లిరి.