నిండైన అలంకరణ – హద్దు ఎక్కడ?

ముదురు రంగుల గోడలు, పూల పరదాలు, తివాచీలు, రంగురంగుల దిండ్లు... ఇల్లంతా నిండుగా అలంకరించుకోవాలన్న ఉత్సాహం నేడు ఎన్నో కుటుంబాలలో కనిపిస్తున్నది. ఇది ధర్మసమ్మతమేనా?

అల్లాహ్ తన దాసుల కొరకు సృజించిన అలంకరణను నిషేధించే హక్కు ఎవరికీ లేదని దివ్యఖుర్ఆన్ (7:32) బోధిస్తున్నది. దానికి ముందు వాక్యమే మితిమీరవద్దని హెచ్చరిస్తున్నది. కనుక రంగులు దోషం కాదు, దుబారా దోషం.

హజ్రత్ ఆయిషా (రజి) ఇంట బొమ్మలున్న పరదాను దైవప్రవక్త (స) ఇష్టపడలేదు. ఆమె దానిని పారవేయక, కత్తిరించి దిండ్లుగా మలిచారు. మరో సందర్భంలో, రంగుల పరదాపై బొమ్మలు నమాజులో ఏకాగ్రతను భంగపరుస్తున్నాయని, దానిని తీసివేయమన్నారు (బుఖారీ).

మనకు మార్గం స్పష్టం. ప్రాణుల బొమ్మలు వద్దు. నమాజు చేసే వైపు గోడను సాదాగా ఉంచాలి. మిగతా ఇంటికి పెడన కలంకారీ పూలూ లతలూ, వరంగల్ జంపఖానాలూ, ఏలూరు తివాచీలూ కావలసినంత నిండుదనాన్నిస్తాయి. అమ్మ పాత దుపట్టా దిండు గలీబుగా మారవచ్చు.

సోదరీమణులారా! పండుగ పేరిట అప్పు తెచ్చి కొన్న అందం, వాయిదాలు మొదలవగానే ఇంటి ప్రశాంతతను హరిస్తుంది. పేద బంధువు సంకోచం లేకుండా వచ్చి కూర్చోగలిగిన ఇల్లే నిజంగా నిండైన ఇల్లు.