తూర్పు వాకిట రాతికోట

బెంగళూరు నుంచి తిరుపతి పోయే వాహనాలు ముళబాగిలులో ఆగుతాయి. జనం దిగి, దళసరిగా కాల్చి నెయ్యి ఓడుతూ వడ్డించే ముళబాగిలు దోసె తిని, కాఫీ తాగి మళ్లీ ఎక్కేస్తారు. ఊరి వెనకాలే ఉన్న బండల కొండ మీది కోట వైపు తలెత్తి చూసేవాళ్లు తక్కువ. కోలారు జిల్లా అంటే అందరికీ 2001లో మూతపడ్డ కేజీఎఫ్ బంగారు గనులే గుర్తొస్తాయి. ఆ గనులకు ఉన్న పేరులో పదో వంతు కూడా ఈ కోటకు దక్కలేదు.

కొండెక్కాలంటే పొద్దున్నే బయలుదేరాలి. ఎండ ముదిరితే బండ కాలుతుంది. కింద చిల్లరకొట్టు పెద్దాయన నీళ్ల సీసా ఇస్తూ, "పైన నీళ్లు దొరకవు సార్, ఇంకోటి తీసుకోండి. దిగేటప్పుడు భద్రం, రాయి జారతాది" అన్నాడు. కొట్టు బోర్డు కన్నడం, ఆయన మాట తెలుగు. ఈ తాలూకాలో చాలా ఇళ్లలో ఇంతే. సరిహద్దు దాటితే పుంగనూరు, పలమనేరు.

కోట కట్టినవాళ్లు కొండనే సగం గోడగా వాడుకున్నారు. ఏనుగంత గుండ్ల మధ్య సందు కనిపించిన చోట రాళ్లు పేర్చి మూసేశారు. గోడ ఎక్కడ మొదలైందో, కొండ ఎక్కడ ఆగిందో కొన్నిచోట్ల చేత్తో తడిమితే గానీ తెలియదు.

విజయనగర కాలంలో ముళబాగిలు ఒక రాజ్య విభాగానికి ముఖ్యపట్టణం. బుక్కరాయల కొడుకు కుమార కంపన ఇక్కడి నుంచి పాలించాడు. 14వ శతాబ్దంలో మధుర సుల్తానుల మీదికి దండెత్తి గెలిచాడు. ఆ దండయాత్రను ఆయన భార్య గంగాదేవి 'మధురావిజయం' పేరుతో సంస్కృత కావ్యంగా రాసింది. కావ్యం మొదట్లో పూర్వకవులను తలచుకుంటూ మన తిక్కనకూ నమస్కరించింది. 1916లో తిరువనంతపురంలో రాతప్రతి దొరికేదాకా ఆ కావ్యం లోకానికి తెలియదు. తెలుగు పాఠకుడు ఈ కొండను తన చరిత్రలో భాగంగా చూడటానికి తిక్కనకు పెట్టిన ఆ నమస్కారం ఒక్కటే చాలనిపిస్తుంది నాకు.

నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇక్కడే ఇంకో యుద్ధం. 1768 అక్టోబరు. మైసూరు పాలకుడు హైదర్ అలీ ఈ కోటను ఇంగ్లీషువాళ్ల నుంచి తిరిగి పట్టుకున్నాడు. ఇంగ్లీషు సేనాని కర్నల్ వుడ్ కింది కోట వరకు తెచ్చుకోగలిగాడు గానీ పై కోట లొంగలేదు. మర్నాడు హైదర్ సైన్యం చుట్టుముట్టేసరికి ఇంగ్లీషు దళాలు ఓటమి అంచుకు చేరాయి. అప్పుడు కెప్టెన్ బ్రూక్ అనే అధికారి రెండు ఫిరంగులను చాటుదారిన ఒక బండ మీదికి చేర్చి పేల్చాడు. తన మనుషుల చేత "స్మిత్! స్మిత్!" అని కేకలు పెట్టించాడు. కర్నల్ స్మిత్ పెద్ద సైన్యంతో వచ్చేశాడని రెండు పక్షాలూ నమ్మాయి. ఆ కాస్త వ్యవధిలో వుడ్ నిలదొక్కుకున్నాడు. అయినా కోట హైదర్‌కే మిగిలింది. మరుసటి ఏడాది ఆయన మద్రాసు వాకిటికే వెళ్లి ఇంగ్లీషువాళ్లతో సంధి చేయించుకున్నాడు. ఆయన పుట్టిన బూదికోట ఈ జిల్లాలోదే. తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కోలారులో ఉంది.

దిగాక పాత ఊరు చూడాలి. అర్జునుడు ప్రతిష్ఠించాడని చెప్పుకునే ఆంజనేయుడు, హైదర్ వలీ దర్గా, ఊరి పొలిమేరలో మాధ్వ గురువు శ్రీపాదరాజుల సమాధి అయిన బృందావనం ఉన్న నరసింహ తీర్థం. మరో మాధ్వ గురువు వ్యాసతీర్థులు చదువుకున్నది ఆయన దగ్గరే. పూర్వం ఈ దారిన తిరుపతి వెళ్లేవాళ్లు నరసింహ తీర్థంలో మునిగాకే ముందుకు కదిలేవారు. ఇంకాస్త ఓపిక ఉంటే కురుడుమలెకు వెళ్లండి. అక్కడ పదమూడు అడుగులు మించిన ఏకశిలా గణపతి ఉన్నాడు.

పాత కోటను ఎలా కాపాడుకోవాలో వేరేచోట్ల చూడవచ్చు. జపాన్‌లోని హిమేజీ కోట 1993లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని పైకప్పు, సున్నపు గోడలను బాగుచేయడానికి 2009 నుంచి 2015 దాకా పని సాగింది. ముళబాగిలుకు అంత ఖర్చేమీ అక్కర్లేదు. గోడలను చీల్చే చెట్ల మొదళ్లు తీయించాలి, ఎక్కే దారి సరిచేయాలి. కంపన కథనూ 1768 యుద్ధాన్నీ కన్నడ, తెలుగు రెండింటిలోనూ చెప్పే ఫలకం ఒకటి కొండ మొదట్లో నిలపాలి. కర్ణాటక పర్యాటక శాఖ తలుచుకుంటే ఏడాదిలో అయ్యే పనులివి. ఈలోగా తిరుపతి ప్రయాణంలో మీరూ ఒక పూట ఇక్కడ ఆగండి. దోసె కొండ దిగాక తినండి.