జేసీబీ చాలా, పొక్లెయిన్ కావాలా?

మైలవరంలో ఇల్లు కట్టబోయేవాళ్లు పునాదుల ముందు మేస్త్రీని అడిగే ప్రశ్న ఇది. మేస్త్రీ స్థలం కన్నా ముందు సందు వెడల్పు చూస్తాడు, పైన కరెంటు తీగలు చూస్తాడు, పక్కింటి ప్రహరీ చూస్తాడు. "జేసీబీ చాలు బాబాయ్" అంటాడు. నిజానికి ఐదారడుగుల గుంటకి పద్నాలుగు అడుగులకు పైగా తవ్వగల ఆ బండి కూడా ఎక్కువే. కానీ అది టైర్ల మీద తనంతట తానే వచ్చి వెళ్తుంది. చైన్ల మీద నడిచే పొక్లెయిన్‌ని ట్రైలర్ మీద ఎక్కించి తేవాలి. రెండు గంటల పనికి ఆ కిరాయే తడిసి మోపెడవుతుంది.

రెండూ కంపెనీల పేర్లే. జోసెఫ్ సిరిల్ బాంఫర్డ్ 1945లో ఇంగ్లండులో పెట్టిన కంపెనీ, 1953లో ట్రాక్టరు వెనక తవ్వే చెయ్యి బిగించింది. 1979లో ఢిల్లీ పక్కన బల్లభ్‌గఢ్‌కి వచ్చింది. పొక్లెయిన్ ఫ్రెంచి కంపెనీ. దాని యంత్రాలను మన దేశంలో ఎల్ అండ్ టీ తయారుచేసింది. ఇలాంటి యంత్రాల కోసమే 1984లో టాటాలు జపాను హిటాచీతో ఒప్పందం చేసుకున్నారు. ఇవాళ చైన్ల మీద నడిచేది ఏ కంపెనీదైనా మన ఊళ్లలో పొక్లెయినే.

వీటన్నిటి ముత్తాత ఆవిరి పార. 1839లో అమెరికాలో విలియం ఓటిస్ దానికి పేటెంటు పొందాడు, అదే ఏడు ఇరవై ఆరేళ్లకే చనిపోయాడు. ఆ పారని గొలుసులు లాగేవి. నూనె ఒత్తిడితో కదిలే చెయ్యి అందరికీ అందడానికి మరో వందేళ్లు పైనే పట్టింది. 1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగాక కూడా ఆ ఆనకట్ట రాతి కట్టడం వేలాది కూలీల చేతుల మీదే లేచింది. నందిగామ, జగ్గయ్యపేట పొలాలకు పారే ఎడమ కాలువ నీళ్లు అక్కడివే.

నూనె బలం లెక్క చిన్నదే. పంపు ఇచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 350 కిలోలు. సిలిండరు లోపలి వ్యాసం 12 సెంటీమీటర్లైతే పిస్టన్ మీద దాదాపు 40 టన్నుల తోపు. ఆ తోపుని కాచుకోవాలంటే బండికి బరువుండాలి, లేకపోతే బకెట్ నేలలో దిగే బదులు బండి ముందు భాగమే పైకి లేస్తుంది. అందుకే యంత్రాన్ని టన్నుల్లో చెప్తారు: 7 టన్నులు, 14, 20, ఆపైన జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీల్లో తిరిగే భారీ బండ్లు.

బరువైనదైతే దిగబడుతుందనుకుంటాం. 20 టన్నుల పొక్లెయిన్ రెండు చైన్ల మీద నాలుగు చదరపు మీటర్లకు పైగా నేలని ఆనుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు అర కిలో లోపే. నడిచే మనిషి ఒంటికాలి మీద నేలని తొక్కేది ఇంచుమించు అంతే. 8 టన్నుల జేసీబీ నాలుగు టైర్ల మీద అంతకు ఎన్నో రెట్లు నొక్కుతుంది. మైలవరం మామిడితోటల ఎర్రనేలలో ఈ తేడా తెలియదు. నందిగామ నల్లరేగడిలో ఒక్క వాన పడిందా, జేసీబీని లాగడానికి పొక్లెయిన్‌ని పిలవాల్సి వస్తుంది.

ఇక గ్రావెల్ తోలకం. 20 టన్నుల బండి బకెట్ సుమారు 0.9 ఘనపు మీటర్లు. 14 ఘనపు మీటర్ల టిప్పర్ ఐదు నిమిషాల్లో నిండుతుంది. టిప్పర్ పోయి రావడానికి 25 నిమిషాలనుకుందాం. యంత్రం ఖాళీగా నిలవకూడదంటే ఆరు టిప్పర్లు ఉండాలి. కాంట్రాక్టరు దగ్గర మూడే ఉంటే సగం సేపు ఊరికే డీజిల్ తాగుతూ నిలబడుతుంది. అదే 14 టన్నుల బండి ఎనిమిది నిమిషాలకో టిప్పర్ నింపినా, మూడు టిప్పర్లతో అరగంటకు మూడు లోడ్ల పని 33 నిమిషాలకు మారుతుంది, అంతే. ఇంత చిన్న లెక్క వేయకుండా "పెద్దదే పంపండి" అనేవాళ్లు ఎక్కువ. ట్రాక్టర్ ట్రక్కులకు పెద్ద బకెట్ పెడితే ఇంకా దండగ. పై నుంచి పోసిన ఒక్క బకెట్‌కే ట్రక్కు కుంగుతుంది.

పరిమాణం ప్రాణం మీదికొచ్చే చోటు గట్టు. మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో పోటెత్తి, వెలగలేరు దిగువన మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పెట్టింది. విజయవాడ మునిగింది. యంత్రాలకు సైన్యం తోడై, రాళ్లు నింపిన ఇనుప వల బుట్టలు కూడా పేర్చాక, సెప్టెంబరు 7న చివరి గండి పూడింది. ఇలాంటి చోట చెయ్యి ఎంత దూరం చాస్తుందన్నదే ముఖ్యం. 20 టన్నుల బండి సుమారు పది మీటర్లు అందుకుంటుంది, అయితే చెయ్యి పూర్తిగా చాచినప్పుడు ఎత్తగల బరువు దగ్గర ఎత్తేదానిలో చిన్న భాగమే. పైగా బరువంతా చైన్ల ముందు కొసకి చేరి, ఇందాకటి అర కిలో లెక్క తప్పుతుంది. తడిసిన అంచు జారుతుంది. అనుభవమున్న ఆపరేటర్ చైన్లను గట్టు అంచుకి సమాంతరంగా కాక లంబంగా, నడిపే మోటార్లు వెనకుండేలా నిలుపుకుంటాడు, కాళ్ల కింద మట్టి కదిలితే వెనక్కి లాగేయడానికి.

అంచు దాకా పోకుండా పని కావాలంటే పొడవు చేతి బండి ఉంది. కాలువల్లో గుర్రపుడెక్క తీసేచోట కనిపించేది అదే. 20 టన్నుల బండే, చెయ్యి మాత్రం పదిహేను మీటర్లు, బకెట్ సగం.