అమ్మకాలు, మార్కెటింగు మధ్య సంబంధం

అమ్మకాలు, మార్కెటింగు అనేవి వ్యాపార సంస్థలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న రెండు వేర్వేరు పనులు. తయారైన సరుకును గాని, సేవను గాని కొనుగోలుదారు చేత కొనిపించి, సొమ్ము రాబట్టడం అమ్మకం. కొనుగోలుదారుకు ఏమి కావాలో ముందుగా తెలుసుకొని, అందుకు తగిన సరుకు ఏది, దాని ధర ఎంత, అది ఎక్కడ దొరకాలి, దానిని గురించి ఎవరికి ఏ విధంగా తెలియజేయాలి అన్న విషయాలను నిర్ణయించి అమలు జరపడం మార్కెటింగు. మార్కెటింగును తెలుగులో విపణనం అని కూడా వ్రాస్తారు. అయితే వాడుకలో స్థిరపడింది మార్కెటింగు అనే మాటే.

వాడుకలో గందరగోళం

తెలుగునాట ఈ రెండు మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడడం పరిపాటి. సంచి భుజాన వేసుకొని దుకాణాల చుట్టూ, ఇళ్ళ చుట్టూ తిరిగే యువకుడిని గురించి "మార్కెటింగులో ఉన్నాడు" అంటారు. నిజానికి అది చాలావరకు అమ్మకాల ఉద్యోగం. అతనికి నెలకు ఇంత అమ్మాలన్న టార్గెట్టు ఉంటుంది, అమ్మినదానిపై కమీషను ఉంటుంది. సరుకును గాని, ధరను గాని మార్చే అధికారం ఉండదు. మార్కెటింగు ఎగ్జిక్యూటివు కావాలన్న ప్రకటన చూసి దరఖాస్తు చేసే పట్టభద్రులు ఈ తేడాను తెలుసుకొని, జీతంలో ఎంత భాగం టార్గెట్టుపై ఆధారపడి ఉన్నదో ముందే అడగడం మంచిది.

భావన పరిణామం

మార్కెటింగును అమ్మకం నుండి వేరు చేసి చూపిన రచయితలలో పీటర్ డ్రక్కర్ ముఖ్యుడు. కొనుగోలుదారులను సృష్టించుకోవడమే వ్యాపారం యొక్క ప్రయోజనమని ఆయన 1954లో ప్రతిపాదించాడు. మార్కెటింగు సక్రమంగా జరిగితే బలవంతంగా అమ్మవలసిన అవసరం తగ్గిపోతుందని 1973లో వ్రాశాడు. 1960లో థియోడోర్ లెవిట్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో ప్రచురించిన ఒక వ్యాసంలో, అమ్మకం అమ్మేవాని అవసరంపైన, మార్కెటింగు కొనేవాని అవసరంపైన దృష్టి పెడతాయని వివరించాడు. అదే సంవత్సరం జెరోమ్ మెకార్తీ మార్కెటింగు నిర్ణయాలను సరుకు, ధర, స్థలం, ప్రచారం అని నాలుగు భాగాలుగా విభజించాడు. ఈ విభజనలో అమ్మకందారుని పని ప్రచారం అనే భాగంలోకి వస్తుంది. అనగా సిద్ధాంతరీత్యా అమ్మకం మార్కెటింగులో ఒక అంశం. ఆచరణలో మాత్రం చాలా సంస్థలలో రెండూ వేర్వేరు విభాగాలుగా, వేర్వేరు అధికారుల క్రింద పనిచేస్తాయి.

ముఖ్యమైన తేడాలు

* ఆరంభం: అమ్మకం గిడ్డంగిలో ఉన్న సరుకుతో మొదలవుతుంది. మార్కెటింగు సరుకు తయారు కాకముందే, కొనుగోలుదారు అవసరంతో మొదలవుతుంది.
* కాలం: అమ్మకాల విభాగం ఈ నెల, ఈ మూడు నెలల లెక్క చూస్తుంది. మార్కెటింగు విభాగం రాబోయే సంవత్సరాలను దృష్టిలో ఉంచుకుంటుంది.
* సంబంధం: అమ్మకందారు ఒక్కొక్క కొనుగోలుదారుతో ముఖాముఖి మాట్లాడతాడు. మార్కెటింగు విభాగం కొనుగోలుదారులను వర్గాలుగా చూస్తుంది.
* కొలమానం: అమ్మకాన్ని వెంటనే రూపాయలలో లెక్కించవచ్చు. మార్కెటింగు ఫలితం ఆలస్యంగా కనిపిస్తుంది, అందులో ఏది ఏ ఖర్చు వలన వచ్చిందో విడదీయడం కష్టం.

చిన్న వ్యాపారం, పెద్ద సంస్థ

చిన్న వ్యాపారంలో ఈ రెండు పనులను ఒక్కరే చేస్తారు. ఇంటిలో పచ్చళ్ళు పెట్టి అమ్మే గృహిణికి ఏ ఇంటివారు కారం తక్కువ కావాలన్నారో, ఎవరు పావుకిలో సీసా అడిగారో గుర్తు ఉంటుంది. మరుసటి సారి ఆ ప్రకారమే పెడుతుంది. అమ్మేటప్పుడు విన్నమాట తిరిగి తయారీకి చేరడానికి మధ్యలో ఎవరూ ఉండరు. సంస్థ పెరిగి, అమ్మేవారు వేరు, నిర్ణయించేవారు వేరు అయినప్పుడు ఈ దారి తెగిపోయే ప్రమాదం ఉన్నది. అమ్మకాలకు, మార్కెటింగుకు మధ్య వచ్చే సమస్యలలో చాలావాటికి మూలం ఇదే.

ఒక ఉదాహరణ: బట్టల సబ్బుపొడి

హిందుస్తాన్ లీవర్ సంస్థ (2007 నుండి హిందుస్తాన్ యూనిలీవర్) 1959లో సర్ఫ్ అనే సబ్బుపొడిని భారతదేశంలో ప్రవేశపెట్టింది. దానిని ముఖ్యంగా పట్టణాలలోని స్తోమత గల కుటుంబాలు కొనేవి. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటివద్దనే సబ్బుపొడి తయారుచేసి, సైకిలుపై ఇంటింటికి తిరిగి, సర్ఫ్ కంటె చాలా తక్కువ ధరకు అమ్మసాగాడు. అదే నిర్మా. తయారీదారు, అమ్మకందారు ఒక్కరే కావడం వలన, ధర తగ్గితే సబ్బుపొడి కొనగల కుటుంబాలు ఎన్నో ఉన్నాయన్న సంగతి ఆయన ప్రత్యక్షంగా గ్రహించగలిగాడు. 1980లలో అమ్ముడైన పరిమాణంలో నిర్మా సర్ఫ్‌ను మించిపోయింది.

దీనికి జవాబుగా లీవర్ సంస్థ మొదట టెలివిజనులో లలితాజీ అనే గృహిణి పాత్ర ద్వారా, చవక సరుకు వేరు, విలువైన సరుకు వేరు అని ప్రచారం చేసింది. ఈ ప్రచారం ప్రసిద్ధి పొందినా, సర్ఫ్ ధర చెల్లించలేని కుటుంబాల అవసరం అలాగే మిగిలింది. 1980ల చివరలో ఆ సంస్థ వీల్ అనే తక్కువ ధర సబ్బుపొడిని తెచ్చింది. పేదలు తరచు నదులలో, ఊరుమ్మడి నీటివనరుల వద్ద బట్టలు ఉతుకుతారు కనుక అందుకు తగినట్లు దాని కూర్పును మార్చింది. తయారీని, పంపిణీని వికేంద్రీకరించి వేలాది చిన్న దుకాణాలకు చేర్చింది. సర్ఫ్‌నే మరింత గట్టిగా అమ్మించడం అమ్మకపు మార్గం, వీల్‌ను రూపొందించడం మార్కెటింగు మార్గం. అయితే చిన్న దుకాణాలకు సరుకు చేర్చే అమ్మకపు వ్యవస్థ లేకపోతే వీల్ కూడా గిడ్డంగి దాటేది కాదు.

నల్లగొండ జిల్లాలో శక్తి పథకం

దుకాణాలు కూడా సరిగా లేని గ్రామాలను చేరడానికి ఇదే సంస్థ 2000-01లో, అప్పటి ఆంధ్ర ప్రదేశ్, ఇప్పటి తెలంగాణ లోని నల్లగొండ జిల్లాలో శక్తి పథకాన్ని ప్రారంభించింది. స్వయం సహాయక సంఘాల మహిళలు సరుకు కొని, తమ గ్రామంలో ఇంటింటికి, చిన్న దుకాణాలకు అమ్ముతారు. వీరికి శక్తి అమ్మలని పేరు. తరువాత శక్తి వాణి పేరుతో గ్రామాలలో ఆరోగ్యం, పరిశుభ్రత గురించి చెప్పే మహిళలను కూడా నియమించారు. మొదటిది అమ్మకం, రెండవది మార్కెటింగు. సంఘం నుండి అప్పు తెచ్చి సరుకు కొన్న మహిళకు ఈ రెండవ పని చిన్న విషయం కాదు. గ్రామంలో గిరాకీ లేకుండా సరుకు మాత్రమే వచ్చి చేరితే, అమ్ముడుపోని సబ్బులు ఆమె ఇంట ఉండిపోతాయి, అప్పు వాయిదా మాత్రం ఆగదు.

విభేదాలకు కారణాలు

2006లో ఫిలిప్ కోట్లర్, నీల్ రాక్హాం, సుజ్ కృష్ణస్వామి ఈ రెండు విభాగాల మధ్య ఘర్షణకు రెండు రకాల కారణాలను పేర్కొన్నారు.

మొదటిది ఆర్థికం. సంస్థ కేటాయించిన సొమ్మును రెండు విభాగాలు పంచుకోవాలి. ప్రకటనలకు పెట్టే ఖర్చుతో మరికొందరు అమ్మకందారులను నియమించవచ్చునని అమ్మకాల విభాగం భావిస్తుంది. ధర విషయంలోనూ పేచీ ఉంటుంది. నిర్ణయించిన ధర నిలవాలని మార్కెటింగువారు, తగ్గించి అయినా బేరం కుదర్చాలని అమ్మకందారులు కోరుకుంటారు.

రెండవది మనస్తత్వం. లెక్కలు, నివేదికలతో పనిచేసేవారికి అమ్మకందారులు తొందరపాటు మనుషులుగా కనిపిస్తారు. ఎండలో తిరిగేవారికి నివేదికలు వ్రాసేవారు వాస్తవం తెలియనివారుగా కనిపిస్తారు.

దీని నష్టం చివరకు బయటివారిపై పడుతుంది. నెలాఖరున టార్గెట్టు చేరడానికి కిరాణా కొట్టుకు అవసరానికి మించి అరువుపై సరుకు అంటగడతారు. సంస్థ లెక్కలలో అది అమ్మకమే. కాని సరుకు అరలలోనే ఉండిపోతుంది, వచ్చే నెల ఆర్డరు రాదు, బకాయి వసూలు కాదు. ఇందుకు విరుద్ధంగా, సరుకు దుకాణాలకు చేరకముందే ప్రకటనలు మొదలైతే, అడిగిన కొనుగోలుదారు వేరే సరుకు కొనుక్కొని వెళ్ళిపోతాడు.

సమన్వయ మార్గాలు

పై రచయితలు ఈ సంబంధాన్ని నాలుగు దశలుగా వర్గీకరించారు: హద్దులు నిర్ణయించని దశ, హద్దులు నిర్ణయించిన దశ, కలిసి నడిచే దశ, ఏకీకృత దశ. అన్ని సంస్థలకూ చివరి దశ అవసరం లేదు. పని తక్కువగా ఉన్న చిన్న సంస్థలో ఎవరి బాధ్యత ఏమిటో స్పష్టంగా ఉంటే సరిపోతుంది. సాధారణంగా ఉపయోగపడే పద్ధతులు ఇవి:

* క్రొత్త సరుకును, ధరను ఖరారు చేయకముందే అమ్మకందారుల అభిప్రాయం తీసుకోవడం.
* కొనుగోలుదారుల ఫిర్యాదులను, వారు కొనకపోవడానికి చెప్పిన కారణాలను వ్రాసి మార్కెటింగు విభాగానికి పంపే ఏర్పాటు.
* మార్కెటింగు ఉద్యోగులు కొన్ని రోజులు అమ్మకందారులతో కలిసి దుకాణాలకు వెళ్ళడం.
* ఆదాయానికి రెండు విభాగాలనూ బాధ్యులను చేయడం.
* దుకాణానికి పంపిన సరుకును మాత్రమే కాక, దుకాణం నుండి వినియోగదారుకు చేరిన సరుకును కూడా లెక్కించడం.

వీటన్నిటి ఉద్దేశం ఒక్కటే. కొనుగోలుదారు గుమ్మం వద్ద విన్న మాట, నిర్ణయాలు తీసుకునే గదికి చేరాలి. సైకిలుపై తిరిగిన రోజులలో అది తనంతట తానే చేరేది. సంస్థ పెద్దదైన తరువాత దానికి ప్రత్యేకంగా దారి వేయవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* వ్యాపార ప్రకటన
* స్వయం సహాయక సంఘం
* చిల్లర వర్తకం